మా ఎలక్ట్రీషియన్ గీకించిన ఆనోడ్

"కాంతినీ కరెంటునూ కలిపి ఆర్గానిక్ రియాక్షన్లు చేయడం నిజంగా పనికొస్తుందా, పేపర్లు అచ్చేసుకోవడానికేనా?" అని అడిగారు. జీడిమెట్లలో ఓ చిన్న ల్యాబ్‌లో మూడు నెలలు దీనితో కుస్తీ పట్టాను. పనికొస్తుంది. మన కెమిస్టులకు మల్టీమీటరంటే భయం పోవాలి, అంతే.

మేం చేసింది పైరజోల్‌ను (నైట్రోజన్లున్న చిన్న రింగు అణువు) బెంజీన్ లాంటి ఆరోమాటిక్ రింగుకు అతికించే రియాక్షన్. మామూలుగా ఎలక్ట్రాన్లు లాక్కునే రసాయనం (ఆక్సిడెంటు) గుమ్మరించాలి, దాని చెత్తంతా చివరికి ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) నెత్తిన పడుతుంది. ఇక్కడ ఆక్రిడినియం అనే పసుపు రంగుపదార్థం (మా కాటలిస్టు ఇదే) నీలి వెలుగు తాగి రింగు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, ఆనోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడు) ఆ ఎలక్ట్రాన్‌ను దాని దగ్గర్నుంచి లాక్కుని మళ్లీ పనిలోకి పంపుతుంది. కాథోడ్ (నెగెటివ్ ఎలక్ట్రోడు) దగ్గర మిగిలేది హైడ్రోజన్ బుడగలే.

సామాను అడిగితే పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు కావాలన్నారు. (బాస్ గదికి ఏసీ కొన్నప్పుడు ఎన్ని అడిగారో!) నేనే కోఠి గుజరాతీ గల్లీలో నీలం ఎల్ఈడీ స్ట్రిప్ కొని బీకరు చుట్టూ చుట్టాను, మూలపడ్డ డీసీ పవర్ సప్లై దులిపాను. మొదటిరోజే టీఎల్సీ ప్లేటు (రియాక్షన్‌లో ఏం తయారైందో మచ్చలుగా చూపేది) మీద కొత్త మచ్చ! రెండోరోజు లేదు. మూడోరోజూ లేదు. కాటలిస్టు మళ్లీ తూచా, సాల్వెంటు మార్చా, పైరజోల్ అమ్మినవాణ్ణి తిట్టా. ట్యూబులైటు మార్చడానికొచ్చిన ఎలక్ట్రీషియనన్న పవర్ సప్లై వంక చూసి, "కరెంటు పోతలేదు కదా సార్, వోల్టేజి మాత్రం పైకెక్కి కూసుంది" అన్నాడు. గ్రాఫైట్ ఆనోడ్ బయటికి తీస్తే తారు పూసినట్టు జిగట. "బ్యాటరీ టెర్మినల్‌కు పట్టినట్టే, గీకేయుండ్రి." ఎమరీ పేపరుతో రెండు నిమిషాలు రుద్దితే మచ్చ తిరిగొచ్చింది. ఎంఎస్సీలో ఎలక్ట్రోడు వోల్టేజి లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం బోర్డు నిండా రాయించారు, ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

2019లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కెమిస్టు లాంబర్ట్ బృందం ఓ కాటలిస్టును ముందు ఆనోడ్‌తో ఆక్సిడైజ్ చేసి (ఎలక్ట్రాన్ లాగేసి), ఆపై వెలుగుతో రెచ్చగొట్టి ఎలక్ట్రాన్లను లాగడంలో 3.33 వోల్టుల బలం సాధించింది. ఎలక్ట్రాన్‌ను తేలిగ్గా వదలని బెంజీన్ కూడా లొంగింది. అంత వోల్టేజి నేరుగా ఎలక్ట్రోడుకే ఇస్తే అడ్డమైనవన్నీ కాలి కూర్చుంటాయి.

మేం ఓడింది వేరేచోట. 5 మిల్లీలీటర్లలో బాగా నడిచింది కదా అని అరలీటరు ఫ్లాస్కులో పెట్టాం. అంచున మిలమిల, నడుమ కటిక చీకటి. అంత ముదురు రంగులో వెలుగు కొన్ని మిల్లీమీటర్లు దాటదు. సన్నటి గొట్టంలో పారిస్తూ చేయాలి. ఆ ఫ్లో సెల్‌కు రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది రావాలి.