పక్కింటివారు వదిలించుకోవాలనుకుంటున్న లాబ్రడార్ గురించి

బెంగళూరుకు మారుతున్న పక్కింటివారు, ఏడాదిగా మేడమీద గొలుసుకే కట్టి ఉంచిన లాబ్రడార్‌ను మీరు తీసుకోకపోతే అనంతపురం పొలిమేరలో వదిలేస్తామంటున్నారని రాశారు. ఆకలిదప్పులతో అలమటించే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని వారికి ముందే చెప్పండి. తీసుకునేటట్లయితే టీకాల కార్డుతో పాటు, కుక్కను మీకు ఇచ్చేస్తున్నట్టు సంతకం చేసిన కాగితం కూడా అడగండి; ఇచ్చి, కుక్క నిగనిగలాడాక తిరిగి ఇమ్మని వచ్చినవారిని కడపలో చూశాను.

ఇంటికి తెచ్చేముందే పశువైద్యుడికి చూపించండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు నక్కి ఉంటాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే పిడుదులవల్ల వచ్చే జ్వరమేమోనని రక్తపరీక్ష అడగండి. కార్డు దొరక్కపోతే రేబిస్ టీకా మళ్లీ వేయించాలి. బక్కచిక్కిందన్న జాలితో మొదటిరోజే కడుపునిండా పెట్టకుండా, కొద్దికొద్దిగా నాలుగుసార్లు పెట్టండి.