చిన్న చేతులకు ఏ పిస్టల్?

అక్కా, గ్లాక్ 19 ట్రిగ్గర్ అందక పట్టు పక్కకు తిరుగుతోందన్నారు కదా. లోపం మీ చేతిది కాదు, ఆ లావుపాటి పిడిది. గన్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ ముంజేతికి వరసగా ఉండేలా పట్టుకోండి. చూపుడువేలి చివరి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. గోరంచే తగిలితే అది మీకు సరిపడదు.

సన్నపిడి కావాలంటే గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365 చూడండి. స్లైడ్ (గన్ పైన వెనక్కి లాగే భాగం) లాగడమే కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్, నా ఓటు దానికే. కాకపోతే పిడి వెనక సేఫ్టీ మీట అరచేతితో పూర్తిగా నొక్కుకోవాలి. ఆడవాళ్లనగానే గుప్పెట్లో ఇమిడే బుల్లి గన్ అంటగడతారు, వద్దు. గన్ తేలికైన కొద్దీ కాల్చినప్పుడు చేతిని గట్టిగా వెనక్కి తంతుంది. డల్లాస్‌లో గన్‌లు అద్దెకిచ్చే షూటింగ్ రేంజ్‌లున్నాయి, ముందు 50 తూటాలు కాల్చి చూడండి.