సిందూరమా? ఇంగిలీకమా?

సందేహం: ఒక సైన్సు వ్యాసం అనువదిస్తూ ‘గనుల్లో సిందూరాన్ని తవ్వి, కరిగించి పాదరసం తీస్తారు’ అని రాశాను. సరిచూసినవారు ‘సిందూరం’ కొట్టేసి ‘ఇంగిలీకం’ అని పెట్టారు. రెండూ ఎర్రటివే కదా, తేడా ఏమిటి? ఇంగిలీకం తెలుగు మాటేనా?

సమాధానం: ఆ దిద్దుబాటు సరైనదే. నిజానికి వారు ఇంకో మాట కూడా కొట్టేయాల్సింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

రంగు ఒకటే గానీ పుట్టుక వేరు. అమరకోశం ‘సిందూరం నాగసంభవం’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక్కడ నాగం అంటే పాము కాదు, సీసం. కాబట్టి సిందూరాన్ని ఎంతసేపు కాల్చినా పాదరసం చుక్క కూడా రాలదు. ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. స్వచ్ఛమైనది వంద గ్రాములు తూస్తే అందులో 86 గ్రాములు పాదరసమే. చిన్న ముక్క చేతిలో పెట్టుకున్నా ‘ఇంత బరువేంటి!’ అనిపిస్తుంది.

మీరు పొరబడింది బహుశా ‘రససిందూరం’ వల్ల. ఇది ఆయుర్వేదంలో పాదరసం, గంధకం కలిపి వండే మందు. రసాయనికంగా చూస్తే ఇంగిలీకమే. అయితే ఆ మాటలో పాదరసాన్ని చెప్పేది ముందున్న ‘రస’. ‘చపలో రసః సూతశ్చ పారదే’ అని అమరమే పాదరసానికి రసం అన్న పేరు కూడా చెప్పింది. రసవాదం, రసకర్పూరం అన్న మాటల్లో ఉన్నదీ ఆ రసమే, మనం అన్నంలో కలుపుకునేది కాదు. ‘రస’ తీసేశారా, చేతిలో సీసం మిగులుతుంది. ఈ తికమక మనకొక్కరికే కాదు లెండి. లాటిన్‌లో ‘మినియం’ అంటే ప్రాచీన రోమన్ రచయిత ప్లీనీ కాలంలో ఇంగిలీకం, ఆ తర్వాత అదే మాట సీస సిందూరానికి పేరైంది. చిన్న చిత్రాలకు వాడే ‘మినియేచర్’ అన్న మాట పుట్టింది కూడా దాన్నుంచే.

ఇక ఇంగిలీకం తెలుగు మాటేనా అంటే, తెలుగు చేసుకున్న మాట. మూలం సంస్కృత హింగుళం. హంస అంచ అయినట్టు, హింగు ఇంగువ అయినట్టు మొదటి హకారం జారిపోయింది.

ఇప్పుడు ఆ రెండో మాట: ‘కరిగించి’. ఇనుప రాయిని కరిగిస్తారు, ఇంగిలీకాన్ని కాలుస్తారు. గాలి తగిలేలా సుమారు 600 డిగ్రీల దాకా వేడి చేస్తే గంధకం ఆక్సిజన్‌తో కలిసి వాయువై పోతుంది. పాదరసం 357 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి అది కూడా ఆవిరై లేస్తుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే వెండి చుక్కలు. స్పెయిన్‌లోని అల్మదేన్ గనుల దగ్గర ఇందుకోసం మట్టి గొట్టాలను ఒకదాని మూతిలో ఇంకొకటి దూర్చి వరసగా పరిచేవారు. మన రసశాస్త్రంలో రెండు కుండలను మూతికి మూతి కలిపి సందు మూసేసేవారు. చూడటానికి డమరుకంలా ఉంటుంది కనుక అది డమరు యంత్రం. కింది కుండకు మంట, పై కుండ మీద తడిగుడ్డ. పాదరసం పైకి లేచి పై కుండ లోపల అంటుకునేది. ఆ ఆవిరి పీలిస్తే విషం, అందుకే సందు మూయడంలో అంత జాగ్రత్త.

కనుక ‘గనుల్లో ఇంగిలీకాన్ని తవ్వి, కాల్చి, ఆవిరిని చల్లార్చి పాదరసం తీస్తారు’ అని రాయండి. ‘పాదరసాన్ని తవ్వుతారు’ అని కూడా కొందరు రాస్తుంటారు. స్లొవేనియాలోని ఇద్రియా గనిలో రాతి సందుల్లో పాదరసం చుక్కలుగానే దొరికేది కాబట్టి, అక్కడి వరకు ఆ వాక్యాన్ని నేను కొట్టేయను.