బారిటోన్ గిటారును మైనర్ సెవెంత్‌లో శ్రుతి చేసుకోవడం గురించి

చెన్నై, మైలాపూరు

చిరంజీవి రాఘవను ఆశీర్వదించి మామయ్య రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు విజయవాడ నుంచి రాసిన ఉత్తరం అందింది. 27 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) ఉన్న, మామూలు గిటారు కంటే మంద్రంగా పలికే బారిటోన్ గిటారు కొన్నావని, దాన్ని ఓపెన్ మైనర్ సెవెంత్‌లో, అంటే ఖాళీ తీగలన్నీ కలిపి మీటితే స, గ, ప, ని పలికేలా శ్రుతి చేసి అమ్మాయి పాటకు పక్కవాద్యంగా వాయించాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. ఆరు తీగలూ కలిపి మీటితే అడుగు స్వరాలు ముద్దగా వినిపిస్తున్నాయని, లోపం గిటారులో ఉందా, చేతిలో ఉందా అని అడిగావు. రెండింటిలోనూ లేదు. నిషాదాన్ని ఏ తీగ మీద నిలిపావన్న దానిలో ఉంది. కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో ముప్పై ఏళ్లకు పైగా గిటారు వాయించినవాడిని కనుక, ఈ శ్రుతిలో నాకు తెలిసినదంతా నీకు వివరంగా రాస్తున్నాను.

బారిటోన్‌ను చాలామంది మామూలు గిటారు కంటే ఐదు స్వరస్థానాలు కిందికి, అంటే అడుగు నుంచి బి, ఇ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. ఇందులో సన్న తీగ నుంచి లెక్కిస్తే ఐదో తీగ ఒక్కదాన్ని ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కు ఎత్తితే బి మైనర్ సెవెంత్ సిద్ధమవుతుంది. నువ్వు చేసినది ఇదే. పని సులువుగానే కనిపిస్తుంది గానీ నేను దీన్ని సమ్మతించను. తీగ పొడవు మారనప్పుడు బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, రెండు స్వరస్థానాలు ఎత్తేసరికి ఆ తీగ మీద బిగువు దాదాపు 26 శాతం ఎక్కువవుతుంది. నా మొదటి బారిటోన్ మీద నేనూ ఇలాగే ఎత్తాను. పాట మధ్యలో ఆ తీగ తెగి, నలభై మంది వాద్యకారులు నా కోసం ఆగవలసి వచ్చింది.

దానికి బదులు ఐదో తీగను ఉన్న చోటే ఉంచి, మిగిలిన ఐదింటినీ రెండేసి స్థానాలు దించు. అడుగు నుంచి ఎ, ఇ, జి, సి, ఇ, ఎ వస్తాయి. ఎను షడ్జమంగా తీసుకుంటే మన లెక్కలో ఇవి స, ప, ని, గ, ప, స అవుతాయి. ఆ నిషాదం కైశికి నిషాదం, ఆ గాంధారం సాధారణ గాంధారం. దించిన తీగల బిగువు ఐదో వంతు తగ్గుతుంది కాబట్టి మెడ కొంచెం వెనక్కి వంగి, మొదటి మెట్ల దగ్గర తీగలు గరగరలాడవచ్చు. అప్పుడు మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేయించు, లేదా దించిన ఐదు తీగలనూ కాస్త లావు రకానికి మార్చుకో. లావు తీగ వేస్తే మెడ చివర తీగలు ఆనే నట్‌లోని గాడిని కూడా దానికి తగినట్టు అరగదీయించాలి. అలా చేయించకపోతే తీగ గాడిలో ఇరుక్కుని శ్రుతి నిలవదు.

ఇక ముద్దగా వినిపించడానికి కారణం చెబుతాను. ఈ అమరికలో ఐదో తీగ 82.4 హెర్ట్జ్ దగ్గరా, నాలుగో తీగ 98 హెర్ట్జ్ దగ్గరా మోగుతాయి. అంత మంద్రంలో ఇంత దగ్గరి స్వరాలను మన చెవి విడదీయలేదు. రెండూ కలిసి ఒకే గరుకు నాదంగా తోస్తాయి. నీ బి శ్రుతిలో ఈ స్వరాలే రెండు స్థానాలు పైన ఉన్నాయి కానీ ఇబ్బంది అదే. అందువల్ల ఈ అమరికలో ఐదో తీగను, నాలుగో తీగను ఎప్పుడూ ఒకే మీటులో కలపకు. బొటనవేలితో ఆరో తీగనో ఐదో తీగనో తంబురలా విడిగా మీటు. పై మూడు తీగలను మిగిలిన వేళ్లకు వదిలిపెట్టు.

పక్కవాద్యానికైతే నిషాదాన్ని పైకి చేర్చిన రెండో అమరికే మేలని నా నమ్మకం. అది ఎ, ఇ, ఎ, సి, ఇ, జి, అంటే స, ప, స, గ, ప, ని. అడుగు మూడు తీగలూ స్వచ్ఛమైన షడ్జ పంచమాలై నిలుస్తాయి. నిషాదం మొదటి తీగ మీద, పాడేవారికి దగ్గరగా మోగుతుంది. ఇందులో మొదటి తీగ బి నుంచి జి వరకు నాలుగు స్థానాలు దిగుతుంది కనుక, 14 గేజు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ లావు) తీగ ఉంటే దాన్ని తీసి 17 గేజు తీగ వెయ్యి. పాతదే ఉంచితే వదులై వణుకుతుంది.

ఒంటరిగా రాగం వాయించాలనుకున్నప్పుడు మాత్రం మొదటి అమరికే హాయిగా ఉంటుంది. శుద్ధధన్యాసిని తీసుకో. నాలుగో తీగ రెండో మెట్టు షడ్జమం, మూడో తీగ ఖాళీగా మీటితే గాంధారం, దాని రెండో మెట్టు మధ్యమం, రెండో తీగ ఖాళీగా పంచమం, దాని మూడో మెట్టు నిషాదం, మొదటి తీగ ఖాళీగా తారషడ్జమం. రాగమంతా చేతి కిందే ఉన్నట్టుంటుంది. అయితే ఖాళీ తీగకు గమకం పట్టదు. గాంధారాన్ని ఊపవలసిన చోట నాలుగో తీగ ఐదో మెట్టుకు, నిషాదాన్ని ఊపవలసిన చోట మూడో తీగ ఏడో మెట్టుకు వెళ్లు. నట్‌కు దూరంగా తీగ మెత్తగా లొంగుతుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగలతో వాయించిన సంగతి నీకు తెలుసు. గమకాన్ని మనసులో పెట్టుకుని వాద్యాన్ని సిద్ధం చేసుకోవడం అంటే అలా ఉండాలి.

వేలు అడ్డంగా పరిచి వాయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏ మెట్టు మీద పరిచినా మైనర్ సెవెంతే వస్తుంది. ఏడో మెట్టు మీద అది ఖరహరప్రియకూ నఠభైరవికీ కూడా సరిపోతుంది. కానీ ఐదో మెట్టు మీద ఎఫ్ పలుకుతుంది, అది శుద్ధ ధైవతం. నఠభైరవికి అది సొంత స్వరమే, ఖరహరప్రియకు మాత్రం అపస్వరం. ఖరహరప్రియ వాయిస్తున్నప్పుడు అక్కడ మూడో తీగను ఆరో మెట్టు దగ్గర నొక్కి చతుశ్శ్రుతి ధైవతం పలికించాలి. ఈ ఒక్క వేలు మరచిపోతే పాడేవాళ్ల గొంతు తడబడుతుంది, కాబట్టి నెల రోజులైనా దీన్ని విడిగా సాధన చెయ్యి.

శ్రుతి చేసేటప్పుడు ట్యూనర్ చూపినదే సరిపోయిందనుకోకు. ఒక్కో స్వరస్థానాన్ని నూరు సెంట్లుగా లెక్కించి ట్యూనర్ గాంధారాన్ని 300 సెంట్ల దగ్గర నిలుపుతుంది. తంబురతో పూర్తిగా కలిసే గాంధారం ఇంచుమించు 316 దగ్గర ఉంటుంది. తంబుర మాత్రమే తోడున్నప్పుడు మూడో తీగను చెవితో విని కొద్దిగా పైకి తీసుకో. కీబోర్డు ఉన్నా, మొదటి మెట్టు నొక్కి మేజర్ గాంధారం వాడవలసి వచ్చినా ట్యూనర్ చూపిన చోటే ఉంచు, లేకపోతే మేజర్ గాంధారం దాదాపు 30 సెంట్లు ఎక్కువగా పలికి చెవికి గుచ్చుకుంటుంది.

అమ్మాయి శ్రుతి ఐదున్నర కట్టై అని రాశావు, అంటే జి షార్ప్. దానికి కాపో (ఒక మెట్టు దగ్గర తీగలన్నిటినీ నొక్కి ఉంచే బిగింపు) అక్కరలేదు, అన్ని తీగలనూ అర స్వరం దించితే చాలు. మీ నాన్నగారు పాడేది ఒకటో కట్టైలో, అంటే సిలో కాబట్టి ఎ శ్రుతి ఉంచి మూడో మెట్టు మీద కాపో పెట్టు. అది లావు తీగలను నొక్కి శ్రుతిని పైకి నెడుతుంది, కనుక పెట్టిన తరువాత ఆరో తీగను మళ్లీ చూసుకో.

డిసెంబరులో ఇక్కడికి వచ్చేటప్పుడు గిటారును పెట్టెలోనే ఉంచి తీసుకురా. సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి. 17 గేజు తీగలు రెండు నా దగ్గరే ఉన్నాయి, వచ్చిన రోజే ఒకటి వేసి రెండో అమరిక ఇద్దరం కలిసి విందాం.

ఇట్లు,
మీ మామయ్య