టెక్ సందేహాలు: క్రాష్ ఒకచోట, తప్పు ఇంకోచోట

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను సర్. మినీ ప్రాజెక్ట్ కోసం సీ++లో రాసిన ప్రోగ్రామ్ ఉబుంటులో ఒక్కోసారి బాగానే నడుస్తుంది, ఒక్కోసారి ‘మాలాక్(): కరప్టెడ్ టాప్ సైజ్’ అంటూ ఆగిపోతుంది. అది ఆగిన లైన్‌లో ఏ తప్పూ లేదు. మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ పెడితే సమస్యే కనిపించడం లేదు. అలాగే ఉంచి సబ్‌మిట్ చేసేయొచ్చా? కోడ్ జతచేశాను. (గుంటూరు విద్యార్థి)

జవాబు: చేయొద్దు. సరిగ్గా వైవాలోనే క్రాష్ అవుతుంది.

గట్టు దాటి దున్నినవాడు ఒకడు, పంట కోతకొచ్చి గోలపెట్టేవాడు ఇంకొకడు. మీ ప్రోగ్రామ్ ఆగిన లైన్ ఆ రెండోవాడు. గట్టు దాటిందెవరో మీ కోడ్‌లో కనిపిస్తూనే ఉంది. ‘ఎన్’ పూర్ణాంకాలకు చోటు తీసుకున్నారు, అన్నీ నింపారు, చివర గుర్తుగా ఎ[ఎన్]లో -1 పెట్టారు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఎ[ఎన్] మీది కాదు.

ఎన్ 10 అనుకోండి. అడిగింది 40 బైట్లు. 64 బిట్ లినక్స్‌లో జీలిబ్‌సీ (మెమరీ పంచిచ్చే సీ లైబ్రరీ) సరిగ్గా 40 బైట్లే వాడుకోనిస్తుంది. ఆ వెంటనే మెమరీలోని పక్క ముక్క తన సైజు రాసుకున్న చోటు ఉంటుంది. మీ -1 వెళ్లి దాని మీద పడింది. పక్కనున్నది ఇంకా ఎవరికీ ఇవ్వని మిగులు మెమరీ అయితే (‘టాప్’ అంటే అదే), దాని సైజు కాస్తా 4 జీబీకి దగ్గరగా కనిపిస్తుంది. అప్పటికి ఏమీ కాదు. తర్వాత ఎక్కడో సంబంధం లేని ఫంక్షన్ మెమరీ అడిగి, ఆ మిగులులోంచి తీసివ్వాల్సి వచ్చినప్పుడు లెక్క తప్పిందని తేలుతుంది. ప్రోగ్రామ్ అక్కడ ఆగుతుంది.

మరి ఎన్ 9 అయితే? అడిగింది 36 బైట్లు, దొరికేది మాత్రం అప్పుడూ 40. -1 ఆ చివరి 4 బైట్లలో సర్దుకుంటుంది. తప్పు అదే, క్రాష్ మాత్రం లేదు. మీ ‘ఒక్కోసారి’కి కారణం ఇదే అయ్యుండాలి. ప్రింట్‌ఎఫ్ చేసే మాయ కూడా ఇలాంటిదే. మొదటిసారి పిలిచినప్పుడు అది తన బఫర్ కోసం అదే హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీలో) చోటు తీసుకుంటుంది. ముక్కల వరుస మారిపోయి, మీ -1 ఇంకెక్కడో పడుతుంది. జబ్బు తగ్గలేదు, లక్షణం మారిందంతే.

ఇకపై ఇలాంటివి కళ్లతో వెతక్కండి. కంపైల్ చేసేటప్పుడు -జీ, -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ అనే రెండు మాటలు చేర్చి, క్రాష్ అయిన అదే ఇన్‌పుట్‌తో నడపండి. దీన్ని అడ్రస్‌శానిటైజర్ అంటారు. గూగుల్ ఇంజనీర్లు తయారుచేశారు, 2012లో దాని మీద పరిశోధన పత్రం వెలువరించారు. ప్రతి ముక్క చుట్టూ ముట్టకూడని జాగా వదిలి, అందులో వేలు పెట్టిన క్షణమే ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. ‘హీప్-బఫర్-ఓవర్‌ఫ్లో’ అని రాసి, ఏ లైన్‌లో రాశారో, ఆ ముక్కను ఏ లైన్‌లో తీసుకున్నారో రెండూ చూపిస్తుంది. ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటే ఎక్కడ ఫ్రీ చేశారో కూడా చెబుతుంది. ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, అంతే. కాలేజీల్లో సీ ల్యాబ్ మొదటి రోజే దీన్ని ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

మళ్లీ కంపైల్ చేసే వీలు లేకపోతే వాల్‌గ్రైండ్ అనే మెమరీ పరీక్షా సాధనం వాడండి. చాలా నెమ్మది, స్టాక్‌లోని (ఫంక్షన్ సొంత వేరియబుల్స్ ఉండే చోటులోని) అరే హద్దు దాటితే సాధారణంగా పట్టుకోలేదు. కానీ విలువ పెట్టని వేరియబుల్‌ను వాడితే చెబుతుంది, ఆ పని అడ్రస్‌శానిటైజర్ చేయదు. రెండూ ఒకేసారి కలిపి నడపకండి. వీటితో నడిపితే క్రాష్ రావడమే మానేసిందా? అప్పుడు మొజిల్లాలో పుట్టిన ‘ఆర్ఆర్’ అనే డీబగ్గర్ ఉంది. క్రాష్ అయిన పరుగును రికార్డు చేసి, పాడైన చిరునామా మీద వాచ్‌పాయింట్ (అక్కడ రాస్తే ఆగమనే నిఘా) పెట్టి, రివర్స్-కంటిన్యూ అనండి. ప్రోగ్రామ్ వెనక్కి నడిచి, ఆ చోట చివరిసారి రాసిన లైన్ దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే ఈ బాధలే ఉండవంటున్నారు, నిజమేనా? (హనుమకొండ)

జవాబు: చాలావరకు. ‘అన్‌సేఫ్’ అని మీరే రాసిన చోట, సీ లైబ్రరీలను పిలిచే చోట తప్ప. ఏటా తాము సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఉద్యోగం కోసమైతే సీ++ను వదిలేయకండి, రాసి ఉన్న కోడ్ కొండంత ఉంది.

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ చేస్తే జీసీసీ కంపైలరే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతోంది. ప్రతిసారీ వేరే ఫైల్ దగ్గర. కంపైలర్‌లో బగ్ ఉందా? (హైదరాబాద్)

జవాబు: అదే ఫైల్ దగ్గర పడితే కంపైలర్‌ను అనుమానించవచ్చు. ఒకే కోడ్‌కు రోజుకో చోట పడితే హార్డ్‌వేర్‌నే ముందు చూడాలి. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి. ఒక్క ఎరుపు గీత వచ్చినా ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటిగా మార్చి చూడండి.

ర్యామ్ శుభ్రంగా ఉంటే, ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ కోర్ ఏమో చూసుకోండి. వాటిలో కొన్ని మోడళ్లు వోల్టేజ్ హద్దు మీరి క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ బోలెడంత ఉన్నా ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అంటూ గేమ్‌లు ఆగిపోవడం దాని లక్షణాల్లో ఒకటి. ఆ ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలకు సవరణ) వచ్చింది, ఆ తర్వాత మరికొన్ని. మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచి తాజా బయోస్ వేసుకోండి. అది కొత్త నష్టాన్ని ఆపడానికే, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. అప్‌డేట్ తర్వాతా క్రాష్‌లు ఆగకపోతే చిప్ మార్పించుకోవడమే దారి. ఆ మోడళ్లకు వారంటీని ఇంటెల్ మరో రెండేళ్లు పొడిగించింది, బిల్లు వెతికి పెట్టుకోండి.