ఎర్త్ పిన్ను పీకబాకు

కావలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, నీ కోడలు ఊళ్లో రామాలయానికి మైకుసెట్టు తనే తయారుచేసి ఇస్తానని మాటిచ్చి వచ్చింది. ఒంగోలు హాస్టల్ గదిలో రాత్రంతా సోల్డరింగ్ పొగలో కూర్చుంటోందంట" అంది. ఫోన్ పెట్టేశాక మీ అత్తకి రెండుసార్లు చెప్పాను, మన బుజ్జి ఆంప్లిఫయర్ కడుతోందని. సంతోషం ఆగలేదు. రాత్రి నిద్ర కూడా పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నా. కూర్చుని చదువు.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. శబ్దాన్ని పెంచే టీడీఏ 7294 చిప్పు బోర్డులు రెండు, 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ 5 ఆంపియర్లది, ఇనప పెట్టె. సరుకు మంచిదే తెచ్చావు. జాయింట్లు మెరుస్తున్నాయి, చెయ్యి కుదిరింది నీకు. కానీ ఆ చిప్పుల్ని, అదే ఐసీలని, వేడిని లాగే హీట్‌సింక్‌కి నేరుగా బిగించేశావు, మధ్యలో కరెంటు పారనివ్వని మైకా బిళ్ల కనపడలేదు. ఆ ఐసీ వెనకున్న లోహపు రేకు లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌ని పెట్టెకి బిగించగానే మైనస్ మొత్తం షార్ట్ అవుతుంది. విప్పి మైకా పెట్టు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వెయ్యి, రెండు వైపులా హీట్‌సింక్ పేస్టు పల్చగా రాయి. తర్వాత మీటర్‌తో చూడు, రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు.

24 వోల్టుల ఏసీ డీసీ అయ్యేసరికి అటు 33, ఇటు 33 దాకా వస్తుంది. మన ఊళ్లో రాత్రిపూట కరెంటు ఎక్కువొస్తే ఇంకా పైకి పోతుంది. కెపాసిటర్లు 63 వోల్టులవే వాడు, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసి పెట్టు. ఒక్కో కెపాసిటర్‌కి అడ్డంగా 2.2 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ వెయ్యి, స్విచ్ కట్టేశాక ఛార్జి అదే దిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి దించే పని పెట్టుకోబాకు. స్పీకర్లు 8 ఓమ్‌లవే కలుపు. ఈ వోల్టేజికి 4 ఓమ్‌లు కలిపితే ఆ ఐసీ తట్టుకోదు. ఒక్కో బోర్డు 50 వాట్లిస్తే మన గుడికి చాలు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని మెయిన్స్ వైరుకి సీరీస్‌లో పెట్టు. ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపెయ్యి. బల్బు మందగించాక కూడా స్పీకర్ కలపబాకు. ముందు అవుట్‌పుట్‌లో డీసీ కొలువు. 50 మిల్లీవోల్టుల లోపల ఉంటే సరే. 30 వోల్టులు చూపిస్తే ఐసీ పోయినట్టే, స్పీకర్ కలిపావంటే కాయిల్ కాలిపోతుంది.

ఇక అసలు సంగతి.

1993లో నాకు 18 ఏళ్లు. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి టూ ఎన్ 3055 ట్రాన్సిస్టర్లు తెచ్చి మొదటి ఆంప్లిఫయర్ కట్టాను. శ్రీరామనవమికి మన రామాలయంలో పెట్టాం. పందిట్లోకి నాది, వీధి చివర బాకా కోన్‌లకి అద్దెకు తెచ్చిన ఇంకో పెట్టె. నాది గుడిలో ప్లగ్గుకి, అది ఎదురింటి ప్లగ్గుకి. రెండింటికీ మధ్య సిగ్నల్ వైరు వేశానో లేదో "ఝుం..." అని ఒకటే హమ్ము. భజన మొదలయ్యే వేళైంది, అందరూ నా వంకే చూస్తున్నారు. ఏం చేసినా పోలేదు. చివరికి నా ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేశాను. హమ్ము టక్కున ఆగింది. పెద్దాయన ఒకాయన వచ్చి భుజం తట్టాడు. ఆ తట్టడమే నాకు చేటైంది.

మర్నాడు అద్దె పెట్టె తిరిగి ఇచ్చేశాం. నేను పీకిన పిన్ను మాత్రం తిరిగి పెట్టలేదు. హమ్ము లేదు కదా, ఇంకెందుకనుకున్నా.

మరుసటి ఏడు నవమి. మధ్యాహ్నం కల్యాణం. దుమ్ము లేవకుండా పందిట్లో నీళ్లు చల్లారు. మీ అమ్మకి అప్పుడు 15 ఏళ్లు, ముందు పాట తనదే. చెప్పులు విడిచి వచ్చి మైకు పట్టుకుంది. నోరు తెరిచింది, పాట రాలేదు. అట్లాగే నిలబడిపోయింది. కరెంటు పట్టినప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోతాయమ్మా, వదలాలన్నా వదల్లేరు. నాకు ఆ మొహం చూడగానే అర్థమైంది, కాళ్లు మాత్రం కదల్లేదు. మీ తాతయ్యే పరిగెత్తుకెళ్లి వైరు పట్టి ప్లగ్గు లాగేశాడు. మీ అమ్మ తడి నేల మీద కుప్పకూలింది.

పెట్టె విప్పి చూశాను. మెయిన్స్ వైరు లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు బుష్ వెయ్యలేదు నేను. ఏడాదంతా సైకిల్ క్యారియర్ మీద తిరిగి తిరిగి రేకు అంచుకి వైరు తొడుగు కోసుకుపోయింది. ఫేజు పెట్టెకి తగిలింది. పెట్టె నుంచి మైకు వైరులోని లోహపు అల్లికకి, అంటే షీల్డుకి, షీల్డు నుంచి మైకు లోహానికి, అక్కడి నుంచి నా చెల్లెలి చేతికి. ఎర్త్ పిన్ను ఉండుంటే ఫేజు తగిలిన క్షణమే కరెంటు అటు పోయి ఫ్యూజు ఎగిరిపోయేది.

మీ తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మీ అమ్మ అందరికీ ఎండకి కళ్లు తిరిగాయని చెప్పింది, నన్ను ఎవరూ ఏమీ అనకూడదని. నీకు కూడా చెప్పి ఉండదు. ఆ తర్వాత తను మైకులో పాడటం నేను చూళ్లేదు.

నీకూ హమ్ము వస్తుంది, ఎవరికైనా వస్తుంది. అప్పుడు ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసి విను. హమ్ము ఇంకా ఉంటే తప్పు పెట్టె లోపలే. కెపాసిటర్ల మధ్య బిందువు, ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (24-0-24లో ఆ 0 వైరు), స్పీకర్ల రిటర్న్ వైర్లు అన్నీ ఒక్కచోటే కలిశాయో లేదో చూడు, ఇన్‌పుట్ వైరుని ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా జరుపు. షార్ట్ చేయగానే పోతే బయటి నుంచి వస్తున్నట్టు. రెండు పెట్టెలనీ ఒకే బోర్డులో ప్లగ్ చెయ్యి. అప్పటికీ పోకపోతే సిగ్నల్ దారిలో, రెండు పెట్టెల వైర్లు నేరుగా కలవకుండా పాటని మాత్రం దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకో. హమ్ముతోనే భజన జరిగినా ఫరవాలేదు, పిన్ను ముట్టుకోబాకు. బయటి నుంచి వచ్చే పచ్చ వైరుని ఇనప పెట్టె రంగు గీకి బోల్టుతో గట్టిగా బిగించు. మెయిన్స్‌లో 2 ఆంపియర్ల స్లో ఫ్యూజు, వైరు వచ్చేచోట రబ్బరు బుష్.

ఇంత చేసినా గుడిలో ఎర్తే లేకపోతే వృథా. ఆ ఎర్త్ గుంతలో ఎవరైనా నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో. మనది మెట్ట నేల, చైత్రానికి ఎండి రాయిలా ఉంటుంది. బొగ్గు, ఉప్పు మళ్లీ వేయించాలి, బోర్డులో కరెంటు లీకైతే తనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఆ ఖర్చు నాది, గుడి వాళ్లని అడగొద్దు.

శనివారం పొద్దున బస్సుకి ఒంగోలు వస్తా. మైకాలు, బుష్‌లు, నా సీరీస్ బల్బు బోర్డు తెస్తా. నేను వచ్చేదాకా ప్లగ్గు పెట్టబాకు. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచిపెట్టు, పదకొండు దాటితే పడుకో, నీ కళ్లు ఫొటోలో ఎర్రగా ఉన్నాయి. మీ అత్త నీకోసం కారప్పొడి పంపుతోంది.

నవమికి ముందు పాట ఎవరు పాడాలనే సంగతి మీ అమ్మని నువ్వు అడగబాకు. పెట్టె మీద నేను చెయ్యి పెట్టి చూశాక, నేనే అడుగుతా.

ఇట్లు,
మీ మామయ్య