ఎండిన పువ్వుకు పరిమళం పూయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన నాయనమ్మ, ఆమె పెట్టె అడుగున ఒక మిషనరీ డాక్టరమ్మ ఇచ్చిన యెరూషలేము పువ్వుల పుస్తకం, ఆ నేల పువ్వులను ఒత్తి, ఎండబెట్టి పేజీల్లో అతికించినది. అక్కడివరకు బాగుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. నూరేళ్లనాటి గులాబీ నిన్న కోసినట్టు ఎర్రగా ఉందట, పుస్తకం తెరవగానే గదంతా గుబాళించిందట. అమ్మా, అలాంటి పుస్తకాన్ని నువ్వు ఎప్పుడైనా చూశావా?

ఒక మిత్రుడి ఇంట్లో నేను చూశాను. అట్టలు ఆలివ్ చెక్కవి, లేత గోధుమరంగు మీద నల్లటి చారలు. లోపల పేజీకో చోటు: బేత్లెహేము, నజరేతు, ఒలీవల కొండ, గెత్సేమనే. సన్నటి కాడలను, రేకులను సిలువగానో గుత్తిగానో పేర్చి అతికించారు. పొలంలో నెత్తురంత ఎర్రగా ఉండే అనెమనీ అనే అడవి పువ్వు అందులో గోధుమరంగుకు దిగిపోయింది. ఎదుటి పేజీలో దాని ఆకారమే మరకగా దిగింది, ఈనెలతో సహా. పరిమళం ఏమీ లేదు, పాత కాగితం వాసన తప్ప. నీ నాయనమ్మ వేలు ఆ మరక మీద ఆగితే చాలదా? గులాబీ ఎందుకు?

నా పట్టుదల ఒక్కటే. పవిత్రమైన వస్తువును కథలోకి తెచ్చేవాళ్లు దాని వెనకున్న పనిని తెలుసుకోవాలి. ఆ నేలలో వానలు చలికాలంలో పడతాయి. కొండలు పూసేది ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఈస్టర్‌కు యాత్రికులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. కోసిన పువ్వును తేమ పీల్చే కాగితాల మధ్య పెట్టి బరువు మోపాలి, తడిసిన కాగితాలు మార్చాలి, లేకపోతే నల్లబడుతుంది. యెరూషలేములో 1892లో మొదలైన మోన్సోన్ ముద్రణాలయం ఇలాంటి పుస్తకాలకు రంగుల బొమ్మలు అచ్చువేసింది. అమెరికాలోని లోవెల్ పట్టణానికి చెందిన హార్వే గ్రీన్ అనే పాదిరి పాలస్తీనా పువ్వులు ఒత్తి 1890లలో పుస్తకాలుగా తెచ్చాడు. అడవి పువ్వులు కష్టపడవని మత్తయి సువార్తలో ఉంది. వాటిని ఏరి, ఆరబెట్టి, అతికించినవాళ్లు మాత్రం కష్టపడ్డారు. నీ కథలో వాళ్ల ఊసే లేదు.

సంపాదకులు ఇవన్నీ తీసేస్తారని నీ ఉత్తరంలో భయపడ్డావు. తీసేస్తారు. మగ్గం గురించి నేను రాసిన తొలి కథల్లో ఒకదానిలో, పడుగుకు, అంటే నేతలో నిలువుగా సాగే దారాలకు, గంజి పట్టించడం గురించిన రెండు పేరాలు ఒక వారపత్రిక సంపాదకుడు నాతో మాటైనా చెప్పకుండా కోసేశాడు. కథకు మనసు చాలు, పనెందుకు అన్నాడు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచి, ఎండ ముదిరేలోపు గంజి ఆరాలని పరుగెత్తిన మా అమ్మ ఆ రెండు పేరాల్లోనే ఉంది. మిగిలిన కథలో లేదు. ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఈమధ్య గంధం, ధూపం, కన్నీళ్లు కలిపి భక్తి కథలని అచ్చువేస్తున్నవి చూస్తే అది ఇంకా పెరుగుతోంది.

ఆ పుస్తకాన్ని ఇచ్చిన మిషనరీ డాక్టరమ్మ దాన్ని ఎక్కడ కొన్నదో, తన దగ్గర ఉంచుకోకుండా ఒక నర్సుకు ఎందుకు ఇచ్చిందో రాయి. ఆసుపత్రిలో ఆ ఇద్దరూ కలిసి ఏ పని చేసేవాళ్లో అక్కడ మొదలుపెట్టు. నాలుగో పేజీ మొత్తం కొట్టేసి తిరగరాసి, సంక్రాంతిలోగా నాకు పంపు.